దున్నినవాడి పేరు ఎక్కడ? స్కాట్లాండ్ భూసంస్కరణల మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. ఈ లేఖ ఇంగ్లీషు ప్రతి మీ ఆఫీసుకు విడిగా పంపాను. మావాళ్ళూ చదవాలని ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

మాది కర్నూలు జిల్లా, పత్తికొండ దగ్గర పల్లె. ఉంటున్నది ఇన్వర్నెస్‌లో. పోయిన వేసవిలో మా వియ్యంకుడు కెనడాలోని నోవా స్కోషియా నుంచి వచ్చారు. ఆయన పూర్వీకులది స్కాట్లాండ్ ఉత్తరాన సదర్లాండ్‌లోని స్ట్రాత్‌నేవర్ లోయ. "మా తాతలకు ఇక్కడ ఎంత భూమి ఉండేదో చూసిపెట్టండి బావగారూ" అన్నారు. (ఆ "బావగారూ" నేను నేర్పిందే.)

మీ భూమి హక్కుల చిట్టా, రిజిస్టర్ ఆఫ్ సేజిన్స్, 1617 నుంచి ఉంది. గర్వపడాల్సిన సంగతే. వెతికించాం. వాళ్ళ పేరు లేదు. ఉండదు కూడా, అది యజమానుల చిట్టా. వీళ్ళు కౌలుదారులు. చాలామందికి కౌలు కాగితం కూడా ఉండేది కాదు, దొర ఉండమన్నన్నాళ్ళు ఉండటమే. ఆ లోయ సదర్లాండ్ కౌంటెస్ ఎస్టేట్‌లోది.

అయినా ఆ లోయలోని పాత పల్లె రోసల్‌కి తీసుకెళ్ళాను. ఊరు లేదు. మోకాలెత్తు రాళ్ళ వరసలు, వాటి మీద నాచు. ఆయన ఆ రాళ్ళనే చూస్తూ నిలబడ్డారు. నాకు మాత్రం గడ్డి కింద ఎగుడుదిగుడుగా పాత సాళ్ళు కనబడ్డాయి. రైతు ఇంట పుట్టినవాడికి దున్నిన నేల తెలియకపోదు.

1814లో ఎస్టేట్ ఏజెంటు పాట్రిక్ సెల్లార్ ఈ లోయలో ఇళ్ళు ఖాళీ చేయించాడు. మళ్ళీ కట్టుకోకుండా కప్పు దూలాలు తగలబెట్టించారు. వందేళ్ళకు దగ్గరపడ్డ మార్గరెట్ మెకే అనే ముసలామెను మంటలంటుకున్న ఇంట్లోంచి బయటికి మోసుకొస్తే, కొద్దిరోజులకే చనిపోయింది. 1816లో ఇన్వర్నెస్ కోర్టు సెల్లార్‌ను నిర్దోషి అంది. జ్యూరీలో ఎక్కువమంది భూస్వాములే మరి. ఖాళీ అయిన నేలలో గొర్రెల ఫారం కౌలుకు తీసుకున్నది కూడా సెల్లారే!

అందరినీ మంటపెట్టే తరిమారని నేననను. 1773లో నోవా స్కోషియాకు వెళ్ళిన హెక్టర్ ఓడ ఎక్కినవాళ్ళలో పెరిగిన కౌళ్ళకు విసిగి తమంతట తాము వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. తీరంలో సముద్రపు నాచు కాల్చి కెల్ప్ అనే బూడిద తీసే వ్యాపారం లాభాల్లో ఉన్నప్పుడు కూలీలు కావాలి కనుక, 1803 చట్టంతో ఓడ ప్రయాణం ఖరీదయ్యేలా చూసుకున్నది ఈ దొరలే. కెల్ప్ ధర పడిపోయాక, 1846లో బంగాళాదుంప పంట కుళ్ళిపోయాక, అదే జనాన్ని ఓడలెక్కించి పంపారు. 1886 క్రాఫ్టర్ల (చిన్న కౌలు రైతుల) చట్టం మిగిలినవాళ్ళకు భద్రత ఇచ్చింది. వెళ్ళిపోయినవాళ్ళకు అప్పటికే అక్కడ మనవలు పుట్టేశారు.

ఇంకో సంగతి. మా పత్తికొండలో 1827లో కలరాతో చనిపోయిన థామస్ మన్రో మీ గ్లాస్గోవాడే. 1800 నుంచి 1807 వరకు మా దత్తమండలాల కలెక్టరు. శిస్తు బరువుగానే వేశాడు, ఆ మాట దాచను. అయినా జమీందారును మధ్యలో పెట్టకుండా రైతు పేరునే పట్టా రాయించాడు. మావాళ్ళు పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. ఆ తరంలోనే స్ట్రాత్‌నేవర్ రైతుకు ఆపాటి చీటీ కూడా లేకపోయింది. నేటికీ మా అడంగల్‌లో పట్టాదారు పేరుతో పాటు అనుభవదారు (సాగులో ఉన్నవాడు) అని ఇంకో గడి ఉంటుంది. మీ సేజిన్స్‌లో లేనిది ఆ గడే.

ఆ కౌలుదారుల పేర్లు ఉన్నది ఎస్టేట్‌ల పాత కౌలు జాబితాల్లో. సదర్లాండ్ కాగితాలు నేషనల్ లైబ్రరీకి చేరాయి. చాలా ఎస్టేట్‌లవి ఇంకా ఇళ్ళలోనే, పెట్టెల్లోనే ఉన్నాయి. భూమి మీద అసలు పట్టు ఎవరిదో చెప్పే కొత్త రిజిస్టర్‌ను 2022లో తెచ్చారు కదా. దాని పక్కన ఇదొకటి చేయండి. ప్రభుత్వ సబ్సిడీ తీసుకునే ప్రతి ఎస్టేట్ 1886కు ముందటి తన కౌలు జాబితాలను స్కాన్ చేసి ఇవ్వాలని షరతు పెట్టండి. ఊరి పేరుతో, మనిషి పేరుతో వెతికేలా, ఫీజు లేకుండా పెట్టండి.

భూమి తిరిగిమ్మని మా వియ్యంకుడు అడగడం లేదు. రోసల్ నుంచి తిరిగొస్తుంటే కారులో ఆయన అడిగింది ఒక్కటే: "ఆ ఇళ్ళలో మాది ఏది?"

ఇట్లు,
ఇన్వర్నెస్‌లో ఉంటున్న ఒక పత్తికొండ ప్రాంతం మనిషి