స్కాన్ చేస్తే సరే, చదివేదెవరు?

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో తాళపత్రాలు, చేతిరాత సంగీత పుస్తకాలు స్కాన్ చేసేస్తే ఇక భద్రమే అన్నట్టు వార్త వేశారు. నాలుగు రోజులు ఊరుకున్నాను, ఇక ఉండలేక రాస్తున్నాను. స్కాన్ చేశాక దాన్ని చదివేదెవరండీ?

తాటాకు మీద గంటంతో రాసిన అక్షరం మసి పూస్తే గానీ కంటికి ఆనదు. మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉండదు. ఎక్కడ విరవాలో తెలిసినవాళ్లు కూర్చుని ఎత్తి రాస్తేనే నలుగురూ చదవగలిగేది. బ్రౌన్ దొర జీతాలిచ్చి లేఖకుల చేత ప్రతులు రాయించాడు కాబట్టే ఎన్నో తెలుగు కావ్యాలు మనకి మిగిలాయి. వీపు, నడుము, మెడ విరిగేలా తల వంచుకుని రాశాను, జాగ్రత్తగా కాపాడండి అని ఆనాటి లేఖకులు ప్రతి చివర శ్లోకం రాసి వేడుకునేవారు. ఆ మాట విన్నది ఎవరు?

సంగీతం ఎత్తి రాయడం మరీ కష్టం. మా నాన్నగారు డ్యూటీ నుంచి వచ్చి, రాత్రి పదకొండు దాకా వర్ణాలు, కృతులు రాసేవారు. 'సా' ఉండాల్సిన చోట 'స' పడితే తాళం లెక్కలో ఒక అక్షరకాలం తగ్గి ఆవర్తనం, అంటే తాళం చుట్టు, చెడుతుంది, పైన పెట్టాల్సిన చుక్క కింద పెడితే తారస్థాయి (పై స్థాయి) కాస్తా మంద్రం (కింది స్థాయి) అయిపోతుంది, అందుకే రాసింది పాడి చూసుకున్నాకే పేజీ తిప్పేవారు. గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికే తీరు, ఎలా పట్టాలో గురువుగారు చెప్పింది మార్జిన్‌లో రాసుకున్నారు. ఆ పుస్తకాలు పట్టుకుని ఒక ఆఫీసుకి మూడుసార్లు తిరిగాను. ఒకసారి సారు మీటింగులో, ఒకసారి లీవులో. మూడోసారి, "ప్రింటువి దొరుకుతున్నాయి కదా, ఇవెందుకు" అన్నారు. ఆ మార్జిన్‌లో ఉన్నది ఏ ప్రింటులో ఉంది?

1919లో సంగీత కళాశాల పెట్టుకుని, ఆదిభట్ల నారాయణదాసు గారు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ప్రిన్సిపాళ్లుగా కూర్చున్న ఊరు మా విజయనగరం. ఇంటి పన్నుతో గ్రంథాలయ సెస్సు ఏటా కడుతూనే ఉన్నాం, మా పేట గ్రంథాలయంలో ఫ్యాను కూడా తిరగదు. శంకుస్థాపన అంటే మాత్రం అందరూ వస్తారు.

మెషీన్లు కొనండి, వద్దనను. దాంతోపాటు ఎత్తి రాసేవాళ్లకి పేజీకి ఇంత అని డబ్బు కూడా పెట్టండి. పాత రాత చదవగల పెద్దలు రెండు జిల్లాల్లో ఎవరు మిగిలారో జాబితా రాయించి, సంగీతం చదివే పిల్లల్ని వాళ్ల పక్కన కూర్చోబెట్టండి. ఆ పెద్దలకి వయసు మీద పడుతోంది, ఫైలు కదిలేదాకా ఆగలేరు.

నాన్నగారి పుస్తకాలు ఇంకా మా బీరువాలోనే ఉన్నాయి. అడిగితే రేపే తెచ్చిస్తాను.

— ఒక పాఠకుడు, విజయనగరం