పూర్వ విద్యార్థినుల, తల్లిదండ్రుల సంఘం వార్షిక నివేదిక 2024-25: రగ్బీ జట్టు గడిపిన ఏడాది

గౌరవ సభ్యులకు, తల్లిదండ్రులకు నమస్కారం.

పోయినేడు సర్వసభ్య సమావేశంలో మనం మూడు పనులు ఒప్పుకున్నాం. లైబ్రరీకి బీరువాలు కొనడం, పదో తరగతి పిల్లలకు సాయంత్రం లెక్కల ట్యూషన్ పెట్టించడం, రగ్బీ జట్టుకు బూట్లు ఇప్పించడం. బీరువాలు వచ్చాయి, తాళంచెవులు ప్రిన్సిపాల్ మేడమ్ దగ్గర ఉన్నాయి. ట్యూషన్ డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా నడిచింది. ఆ రెంటి గురించి ఇంతకంటే చెప్పడానికేమీ లేదు. మూడో పని మాత్రం బూట్లతో ఆగలేదు. ఏడాదంతా మనల్ని పరుగులు పెట్టించింది అదే కాబట్టి ఈసారి నివేదిక దాదాపు మొత్తం రగ్బీదే. విసుగనిపిస్తే లెక్కల దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు, చివర్లో ఉన్నాయి.

ఒక్క మాట ముందే చెప్తాను. పిల్లలందరూ మైనర్లు. అందుకే పేర్లు రాయొద్దని కార్యవర్గం అనుకుంది. జెర్సీ నంబర్లతోనే చెప్తాను. ఎవరు ఎవరో మీకెలాగూ తెలుసు.

జట్టు కుదిరిన తీరు

2024 జూన్‌లో గురుకులం తెరిచేనాటికి పీడీ మేడమ్ (ఆటల టీచర్) చేతిలో ఉన్నవి రెండే బంతులు. అందులో ఒకదానికి పొద్దున గాలి కొడితే సాయంత్రానికి చప్పబడిపోయేది. ఐదో తరగతి పిల్లలు దానికి కోడిగుడ్డు బంతి అని పేరు పెట్టారు. ఇప్పుడు వంటమనుషులు కూడా అదే పేరుతో పిలుస్తున్నారు.

మేడమ్ కబడ్డీ నుంచి ఆరుగుర్ని, ఖోఖో నుంచి నలుగుర్ని, ఏ ఆటా ఆడని ఇద్దర్ని ఏరుకున్నారు. మొత్తం పన్నెండు మంది. కబడ్డీ పిల్లలకు కాళ్లు చుట్టేసి పట్టడం పుట్టుకతో వచ్చినట్టే ఉంటుంది. రగ్బీలో భుజాలకు పైన పట్టుకుంటే తప్పు, కిందికి వంగి పట్టినవాళ్లదే పైచేయి. అలా ఆ పట్టు ఇక్కడ బాగా కలిసొచ్చింది. ఖోఖో పిల్లలు పరుగులో ఉండగానే దిక్కు మార్చేస్తారు. ఎవరికీ రానిది మాత్రం బంతిని వెనక్కి ఇవ్వడం. మనిషి ముందుకు ఉరుకుతుంటే బంతి వెనకున్నవాళ్లకే అందాలి. చేత్తో ముందుకు విసిరితే బంతి అవతలివాళ్లదైపోతుంది. జూలై నెలంతా ఆ ఒక్కదానికే పోయింది.

సభ్యుల్లో చాలామంది ఆట గురించి అడిగారు కాబట్టి క్లుప్తంగా చెప్తాను. మన పిల్లలు ఆడేది సెవెన్స్. పక్కకు ఏడుగురు, ఏడేసి నిమిషాల రెండు సగాలు. మొత్తం పద్నాలుగు నిమిషాలే కదా అని నేనూ అనుకున్నాను. ఒకసారి గీత పక్కన నిలబడి చూస్తే తెలిసింది, మైదానం పదిహేను మంది ఆడే పెద్ద ఆటదే, కొలతలు ఏమీ తగ్గించరు. బంతిని అవతలివాళ్ల గోలు గీత దాటించి నేలకు ఆనిస్తే ట్రై, దానికి ఐదు పాయింట్లు. తర్వాత గోలు కర్రల మధ్యగా తన్నితే ఇంకో రెండు. సెవెన్స్‌లో ఆ తన్నడం కూడా బంతిని నేల మీదికి వదిలి, అది పైకి లేస్తున్న క్షణంలోనే తన్నాలి. మన 5వ నంబరు అమ్మాయి ఆగస్టులో పదిసార్లు తన్నితే ఒకటో రెండో లోపల పడేవి. నవంబరుకల్లా సగానికి వచ్చింది. స్టడీ అవర్‌కు ముందు అరగంట రోజూ ఒక్కతే గోడ ముందు తన్నుకునేదని వార్డెన్ చెప్పారు. గోడ సున్నం రాలిపోతోందని ఫిర్యాదు కూడా చేశారు. రెండూ నిజమే.

హాస్టల్ బడి కావడం వల్ల ఒక సౌకర్యం ఉంది. పొద్దున ఐదింటికి పన్నెండు మందీ ఒకేసారి మైదానంలో ఉంటారు. బస్సు తప్పిపోయిందనీ, ఇంట్లో పని ఉందనీ ఎవరూ అనలేరు. ఊళ్లో బడులకు ఈ వెసులుబాటు లేదు. కానీ హాస్టల్‌కు సెలవులొస్తే జట్టు మొత్తం ఒకేరోజు చెదిరిపోతుంది. దాని సంగతి కింద రాస్తాను.

మొదటి మ్యాచ్, బస్సులో కథ

సెప్టెంబరు జోనల్ పోటీల్లో మొదటి మ్యాచ్ 0-38తో ఓడాం. రెండోది 5-24. మూడోది 15-5తో గెలిచాం కానీ అప్పటికే ముందుకు వెళ్లే దారి మూసుకుపోయిందని అందరం అనుకున్నాం. తర్వాత జోన్ నుంచి రెండు జట్లకు అవకాశం ఉందని తెలిసింది, మనకంటే ముందున్న జట్లలో ఒకటి రాలేమని తప్పుకోవడంతో మనకు చోటు దొరికింది. ఇది అదృష్టమే. గెలిచి వెళ్లామని నివేదికలో రాస్తే బాగుండదు.

తిరుగు ప్రయాణంలో పిల్లలు ఒక్క మాట మాట్లాడలేదు. అప్పుడు పీడీ మేడమ్ బస్సులో నిలబడి ఒడిశా కథ చెప్పారు. భువనేశ్వర్‌లో కళింగ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ అని ఆదివాసీ పిల్లల రెసిడెన్షియల్ బడి ఉంది. 2007లో ఆ బడి నుంచి పన్నెండు మంది అబ్బాయిలు లండన్ వెళ్లి, పద్నాలుగేళ్లలోపు వాళ్ల అంతర్జాతీయ పోటీలో ఫైనల్లో దక్షిణాఫ్రికా జట్టును 19-5తో ఓడించారు. రగ్బీ బంతి పట్టి అప్పటికి కొద్ది నెలలే. అదే బడిలో చదువుకున్న సుమిత్రా నాయక్ 2019 జూన్‌లో మనీలాలో సింగపూర్ మీద చివరి నిమిషాల్లో పెనాల్టీ తన్ని 21-19తో గెలిపించింది. పదిహేను మంది ఆడే రగ్బీలో భారత మహిళలకు అదే తొలి అంతర్జాతీయ గెలుపు. ఈ కథ విన్నాక మన 3వ నంబరు అడిగిన ప్రశ్న: "మేడమ్, వాళ్ల మెస్‌ల గుడ్డు రోజూ పెడ్తరా?"

నవ్వొచ్చినా, అది సరైన ప్రశ్నే. నవంబరు నుంచి ప్రభుత్వం ఎనిమిది నుంచి పది తరగతుల హాస్టల్ పిల్లల డైట్ ఛార్జీని నెలకు 1,100 నుంచి 1,540 రూపాయలకు పెంచింది. తేడా ప్లేట్లలో కనబడింది. అయినా రోజుకు రెండుసార్లు పరుగెత్తే పిల్లలకు అది సరిపోదు. అందుకని సంఘం తరఫున పొద్దుటి ప్రాక్టీసు తర్వాత ఒక్కొక్కరికి గుడ్డు, పల్లీ పట్టీ, అరటిపండు ఏర్పాటు చేశాం. ఒక నెల చివర్లో అరటిపళ్లు ఆగిపోయాయి. కారణం డబ్బు కాదు. తెచ్చే బాధ్యత నాది, నేను మరిచిపోయాను.

దసరా, పత్తి

అక్టోబరులో దసరా సెలవులొచ్చాయి. బతుకమ్మకు ఇంటికి వెళ్లకుండా ఏ పిల్ల ఉంటుంది? మేడమ్ నలుగురికి బంతులు ఇచ్చి పంపారు. ఒక ఊళ్లో ఆ బంతిని చూసి పిల్ల నాయనమ్మ, ఇదేం సోరకాయ అని అడిగిందట.

బడి తెరిచాక తొమ్మిది మందే వచ్చారు. ఇద్దరు నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చారు. 7వ నంబరు రాలేదు. మైదానం అంచున, వింగ్‌లో ఆడే అమ్మాయి, జట్టులో అందరికంటే వేగం ఉన్నది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. కార్యవర్గం నుంచి ఇద్దరం, పీడీ మేడమ్‌తో కలిసి ఆ ఊరు వెళ్లాం. ఇంటికి తాళం. చేను దగ్గర కనబడ్డారు. తల్లీ తండ్రీ పిల్లా ముగ్గురూ వరసల్లో పత్తి ఏరుతున్నారు. తండ్రి మమ్మల్ని కోపంగా చూడలేదు, సిగ్గుపడ్డాడు. "కూలోళ్లు కిలోకింత అని అడుగుతున్రు మేడమ్. ఇంట్ల మనిషుంటే ఆ పైసలు మిగుల్తయ్. ఇంకో పది రోజులు ఆగున్రి" అన్నాడు.

మా దగ్గర జవాబు లేదు. చదువు విలువ గురించి ఉపన్యాసం ఇవ్వడానికి మేం వెళ్లలేదు. మాలో ఇద్దరం ఆ వయసులో అదే పని చేసినవాళ్లం. ఆ పూట మేమూ కొంగు బిగించి సాయంత్రం దాకా ఏరాం. మా చేతులు ఎంత మెత్తబడిపోయాయో ఆ రోజు తెలిసింది. నాలుగో రోజున ఆయనే పిల్లను తీసుకొచ్చి గేటు దగ్గర దింపి వెళ్లారు. ఆ పిల్ల చేతివేళ్లకు పత్తి బుర్రలు గీసిన గాట్లు ఇంకా ఉన్నాయి. బంతి పడితే మంటపుట్టేదట. ఎవరికీ చెప్పలేదు, వారం తర్వాత 4వ నంబరు చెప్తే తెలిసింది.

ఈ సంగతి ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. వచ్చే ఏడాది కూడా దసరా వస్తుంది, పత్తి పగులుతుంది. సెలవుల్లో మనలో ఎవరి ఊరికి దగ్గరగా ఏ పిల్ల ఉందో ముందే పట్టిక వేసుకుంటే బాగుంటుందని నా ప్రతిపాదన. సమావేశంలో చర్చిద్దాం.

రాష్ట్ర పోటీలు

నవంబరు చివరి వారం. ఐదు మ్యాచ్‌లు ఆడాం. గ్రూపులో రెండు గెలిచాం, ఒకటి సమానం అయింది. గెలిచినవాటిలో 12-10 మ్యాచ్ నేను కళ్లారా చూశాను. ఇరువైపులా రెండేసి ట్రైలు. తేడా ఒక్క తన్ను, అదీ 5వ నంబరుది. సున్నం రాలిన గోడను ఆ రోజు అందరం క్షమించాం. 7వ నంబరు చేసిన రెండో ట్రై గురించి మేడమ్ ఇప్పటికీ చెప్తారు. బంతి అందుకున్న చోటు నుంచి అటు గీత దాకా ఒక్కరి చేతికీ చిక్కలేదు.

సెమీఫైనల్ సగం ముగిసేసరికి 7-7. రెండో సగం మొదట్లో 2వ నంబరు పట్టబోయి, ఎదుటి అమ్మాయి మోకాలు కణతకు తగిలి పడిపోయింది. లేచి నిలబడింది, నీళ్లు తాగింది. "నాకేం కాలే మేడమ్, ఆడ్త" అంది. మేడమ్ అడిగారు: "ఇప్పుడు స్కోరెంత?" ఆ పిల్ల చెప్పలేకపోయింది. అంతే, బయట కూర్చోబెట్టారు. తలకు దెబ్బ అని అనుమానం ఉంటే చాలు, ఆ ఆటగాళ్లను ఆ రోజు మళ్లీ దింపకూడదన్నది వరల్డ్ రగ్బీ నియమం. పక్కనున్న తల్లిదండ్రుల్లో కొందరు, ఇంకొకర్ని దింపి ఓడిపోవడమేనా అని గొణిగారు. నేను కూడా మనసులో గొణిగాను, ఒప్పుకుంటాను. చివరికి 7-19తో ఓడాం. మూడో స్థానం కోసం ఆడిన మ్యాచ్ కూడా 5-12తో పోయింది. నాలుగో స్థానంతో తిరిగొచ్చాం.

ఆ రాత్రి 2వ నంబరు రెండుసార్లు వాంతి చేసుకుంది. ఆసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడ చీటీ కౌంటర్ దగ్గర గంటన్నర నిలబెట్టారు. స్కాన్‌లో ఏమీ లేదు, విశ్రాంతి చాలన్నారు. పుస్తకం, ఫోన్, ఆట అన్నీ ఆపి పడుకోబెట్టాం. మూడు వారాల తర్వాతే మైదానంలోకి వచ్చింది. ఆమె అమ్మగారు నాతో అన్న మాట: "ఆట మాన్పియ్యను గనీ, ఆ మేడమ్ ఉన్నన్ని రోజులే ఆడిపియ్యున్రి." మేడమ్ కాంట్రాక్ట్ ఉద్యోగి అని ఆమెకు తెలియదు.

జనవరి గొడవ

సంక్రాంతి తర్వాత హైదరాబాద్‌లో మూడు స్నేహపూర్వక మ్యాచ్‌లు కుదిరాయి. జట్టులో ఐదుగురు పదో తరగతి. మార్చి 21 నుంచి పరీక్షలు. తల్లిదండ్రుల సమావేశంలో మాట పెరిగింది. ఒకాయన, పూర్ణ ఎవరెస్ట్ ఎక్కినప్పుడు మీరందరూ చప్పట్లు కొట్టలేదా అని అడిగితే, ఇంకొకామె లేచి, కొండ మీద ఎవరూ వచ్చి మీద పడరు కదా అన్నారు. అందరూ నవ్వడంతో వేడి చల్లారింది. మలావత్ పూర్ణ తాడ్వాయి గురుకులం పిల్లే, 2014లో పదమూడేళ్లకు ఎక్కింది. గురుకులాల్లో ప్రతి వాదనా ఆ అమ్మాయి దగ్గరికే వెళ్లి ఆగుతుంది.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. హైదరాబాద్‌కు పదో తరగతి నుంచి ఇష్టపడిన ఇద్దరే వెళ్లారు, మిగతా చోట్లు ఎనిమిదో తరగతి పిల్లలకు. ఒకటి గెలిచి, రెండు ఓడారు. ఏడాది మొత్తం మీద 11 మ్యాచ్‌లు, 4 గెలుపులు, 6 ఓటములు, 1 సమానం. పదో తరగతి రాసిన ఐదుగురూ పాసయ్యారు. 5వ నంబరుకు లెక్కల్లో మంచి మార్కులొచ్చాయి. ఆమె చేరబోయే జూనియర్ కాలేజీలో మైదానమే లేదు.

2025 జూన్‌లో రగ్బీ ప్రీమియర్ లీగ్ మొదటిసారి జరిగింది. హైదరాబాద్ హీరోస్ జట్టు ఉందని తెలిసి, గురుకులం హాల్లో టీవీ పెట్టించాం. కొత్తగా చేరిన ఐదో తరగతి పిల్లలు కూడా వచ్చి కూర్చున్నారు. ఆడవాళ్ల మ్యాచ్ ఎప్పుడని రెండోరోజే అడిగారు. ఆ లీగ్‌లో ఉన్నవి మగవాళ్ల జట్లే అని చెప్పాల్సి వచ్చింది.

రగ్బీ ఖాతా లెక్కలు

పోయినేటి నిల్వ 11,240. రగ్బీ కోసం 86 మంది సభ్యులు తలా 500 ఇచ్చారు, మొత్తం 43,000. విడిగా వచ్చిన విరాళాలు 38,500. అన్నీ కలిపి 92,740 రూపాయలు.

ఖర్చుల్లో స్టడ్స్ (అడుగున మేకులుండే ఆట బూట్లు) 14 జతలకు 16,100, ఆరు బంతులకు 5,400, పళ్లకు దెబ్బ తగలకుండా నోట్లో పెట్టుకునే మౌత్‌గార్డులు ఇరవైకి 5,000. ప్రయాణాలకు 21,600 అయింది, ఇందులో దారిలో బస్సు చెడిపోతే ఆటోలకు పెట్టిన డబ్బు కూడా ఉంది. వైద్యానికి 9,350. గుడ్లు, పట్టీలు, అరటిపళ్లకు 13,800. చిల్లర ఖర్చులు 1,940. మొత్తం 73,190. చేతిలో మిగిలింది 19,550. బిల్లులన్నీ కోశాధికారి గారి దగ్గర ఫైల్లో ఉన్నాయి. ఆటోలవి మాత్రం తెల్లకాగితం మీద రాయించినవి.

మౌత్‌గార్డులు ఇరవై ఎందుకని అడుగుతారు. మొదటి విడతలో కొన్నవాటిని పళ్లకు సరిపోయేలా మెత్తబరచడానికి వేణ్నీళ్లలో ఎక్కువసేపు ఉంచడంతో ఎనిమిది వంకర్లు పోయాయి. అట్ట మీద రాసింది చదవకుండా మేమే చేసిన పని.

కొత్త ఏడాదికి

ఐదుగురు వెళ్లిపోయారు, ఏడుగురు ఉన్నారు. 7వ నంబరు ఇప్పుడు పదో తరగతిలోకి వచ్చింది. జట్టుకు కొత్త కెప్టెన్ కూడా ఆమే. జూనియర్లలో ఇరవై మంది పైగా పేర్లిచ్చారు. పీడీ మేడమ్ కాంట్రాక్ట్ పొడిగింపు కోసం సంఘం తరఫున పైవాళ్లకు వినతిపత్రం ఇచ్చాం, జవాబు ఇంకా రాలేదు. ఎవరికైనా అక్కడ తెలిసినవాళ్లుంటే దయచేసి కనుక్కోండి.

వాడిన స్టడ్స్ ఇంట్లో ఉంటే 3 నుంచి 6 సైజుల దాకా ఏవైనా పనికొస్తాయి, అడుగున మేకులు అరిగినా పరవాలేదు. సమావేశానికి వచ్చేటప్పుడు తెచ్చివ్వండి. బంతికి గాలి కొట్టే సూది కూడా ఎవరైనా ఒకటి తెస్తే మంచిది, ఉన్నది మళ్లీ విరిగింది.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి