‘దేన్’ తర్వాత ఏ క్రియ రాయాలి?

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ నెల వార్తాలేఖలో ఇంగ్లీష్ వ్యాకరణంలోని ఒక్క విషయం గురించే కాస్త వివరంగా రాస్తున్నాను. ఆరు నుంచి పదో తరగతి వరకు పిల్లల జవాబు పత్రాలు చూస్తుంటే ఒకే రకం తప్పు మళ్లీ మళ్లీ కనిపిస్తోంది. ఇద్దరిని గానీ రెండు వస్తువులను గానీ పోల్చే వాక్యాల్లో ‘దేన్’ (‘కంటే’ అనే అర్థమిచ్చే ఇంగ్లీష్ మాట) దాకా చక్కగా రాస్తున్నారు. ఆ తర్వాత ఏ క్రియ వేయాలో తెలియక తోచింది రాసేస్తున్నారు. దీన్ని ఇంట్లో కూడా దిద్దవచ్చు. మీకు ఇంగ్లీష్ అంతగా రాకపోయినా ఫర్వాలేదు.

‘అక్క నాకంటే వేగంగా పరుగెడుతుంది’ అని మనం తెలుగులో అంటాం. నా పరుగు గురించి ఇంకో క్రియ అక్కర్లేదు, ‘నాకంటే’ అంటే సరిపోతుంది. ఇంగ్లీష్‌లో అలా కాదు, ‘దేన్’ వెనక ఇంకో చిన్న వాక్యం ఉంటుంది. ‘మై సిస్టర్ రన్స్ ఫాస్టర్ దేన్ ఐ రన్’ అన్నది పూర్తి రూపం. ఒకే క్రియ రెండుసార్లు వినడానికి బాగుండదు కాబట్టి రెండోదాని చోట ‘డూ’ వేసి ‘దేన్ ఐ డూ’ అంటారు. మన పిల్లలు చాలామంది ఇక్కడ ‘దేన్ ఐ డజ్’ అని రాస్తున్నారు. ముందు ‘రన్స్’ ఉంది కదా అని దాన్ని చూసి రాస్తున్నారన్నమాట. నిజానికి రెండో క్రియ తన పక్కనున్న కర్తనే అనుసరించాలి. అదే వాక్యాన్ని తిప్పి రాస్తే ‘ఐ రన్ ఫాస్టర్ దేన్ మై సిస్టర్ డజ్’ అవుతుంది.

మొదటి సగంలో ఈజ్, యామ్, ఆర్ లాంటివి ఉంటే రెండో సగంలోనూ ఆ కుటుంబానిదే రావాలి: ‘షి ఈజ్ టాలర్ దేన్ ఐ యామ్’. కెన్, విల్ లాంటివి ఉంటే అవే తిరిగి వస్తాయి: ‘హి కెన్ స్విమ్ బెటర్ దేన్ ఐ కెన్’. ఇవేవీ లేని మామూలు క్రియ అయితేనే డూ, డజ్, డిడ్. ఇంత వరకు పిల్లలు త్వరగానే పట్టుకుంటారు.

అసలు చిక్కు క్రియ కాలం (టెన్స్) దగ్గర వస్తోంది. రెండు సగాల్లోనూ ఒకే కాలం ఉండాలని చాలామంది నమ్ముతున్నారు. అలాంటి నియమం ఏదీ లేదు. ఆర్కే బీచ్‌లో మనందరికీ తెలిసిన కురుసుర జలాంతర్గామినే తీసుకోండి. అది 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించింది. ఎదురుగా ఉన్న టీయూ-142 విమానం 1988 నుంచి 2017 వరకు సేవలో ఉంది. రెండూ గడిచిపోయిన సంగతులే కాబట్టి ‘ది సబ్‌మెరీన్ సర్వ్‌డ్ లాంగర్ దేన్ ది ఎయిర్‌క్రాఫ్ట్ డిడ్’ అంటాం. ఇప్పుడు మీ అబ్బాయి ‘ఆ జలాంతర్గామి గురించి చిన్నప్పటికంటే ఇప్పుడు నాకు ఎక్కువ తెలుసు’ అని చెప్పాలనుకుంటే? ‘ఐ నో మోర్ అబౌట్ ఇట్ నౌ దేన్ ఐ డిడ్ యాజ్ ఎ చైల్డ్’. ముందు సగం వర్తమానం, వెనక సగం భూతకాలం. ఏది ఎప్పుడు జరిగిందో చూసుకుని దానికి తగ్గ క్రియ వేయడమే. ఎండ గురించి చెప్పినా అంతే: ‘ఇట్ ఈజ్ హాటర్ టుడే దేన్ ఇట్ వాజ్ యెస్టర్‌డే’.

ఈ చిన్న క్రియ వదిలేస్తే నష్టమేంటని మీరు అడగొచ్చు. మాట్లాడేటప్పుడు చాలాసార్లు నష్టం లేదు. రాతలో మాత్రం ఒక్కోసారి అర్థమే మారిపోతుంది. ‘ఐ హెల్ప్ మై మదర్ మోర్ దేన్ మై బ్రదర్’ అని ఒక అమ్మాయి రాసిందనుకోండి. తమ్ముడి కంటే తనే అమ్మకు ఎక్కువ సాయం చేస్తానంటోందా, తమ్ముడికి చేసేదానికంటే అమ్మకే ఎక్కువ చేస్తానంటోందా? చదివేవాళ్లకు తెలియదు. చివర ‘డజ్’ చేరిస్తే మొదటి అర్థమే మిగులుతుంది. రెండోది చెప్పాలంటే ‘దేన్ ఐ హెల్ప్ మై బ్రదర్’ అనాలి. నా దృష్టిలో పిల్లలు ఈ పాఠం నేర్చుకోవాల్సింది ముఖ్యంగా ఇందుకే. మార్కులు ఆ తర్వాతి సంగతి.

‘దేన్ ఐ’ సరైనదా, ‘దేన్ మీ’ సరైనదా అని కొందరు తల్లిదండ్రులు అడుగుతున్నారు. ఇంగ్లీష్ వాళ్లలోనే ఇది పాత వాదం. ‘దేన్’ తర్వాత దాగి ఉన్న క్రియను బట్టి సర్వనామం నిర్ణయించాలని రాబర్ట్ లౌత్ అనే ఇంగ్లీష్ వ్యాకరణకర్త 1762లోనే తన వ్యాకరణంలో రాశాడు. అయినా మాటల్లో ‘దేన్ మీ’ అనేవాళ్లే ఎక్కువ. అది వినబడితే మీ పిల్లల్ని కోప్పడకండి. పరీక్షలో మాత్రం ‘దేన్ ఐ యామ్’, ‘దేన్ ఐ డూ’ అని క్రియతో సహా రాస్తే ఏ గొడవా ఉండదు.

ఇంట్లో మీరు చేయాల్సింది ఇది. హోంవర్క్‌లో ‘దేన్’ ఉన్న వాక్యం కనిపిస్తే తెలుగులోనే అడగండి: ‘దేన్ తర్వాత ఎవరున్నారు? వాళ్లు ఏం చేశారు? ఎప్పుడు?’ పిల్లలు ముందు పూర్తి వాక్యం చెప్పాలి, తర్వాతే దాన్ని కుదించాలి. సాయంత్రం వేళ మీరు పోర్టులోనో స్టీల్ ప్లాంట్‌లోనో డ్యూటీలో ఉంటే తాతయ్య, అమ్మమ్మ కూడా ఈ ప్రశ్నలు అడగగలరు. జవాబు చెప్పాల్సింది పిల్లలే. తప్పు చెబితే మీరు సరిచేయకపోయినా ఫర్వాలేదు, ఆ వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీసి పంపండి. మా ఇంగ్లీష్ టీచర్లు మర్నాడు ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని చూస్తారు.

ఈ నెలాఖరు శనివారం జరిగే తల్లిదండ్రుల సమావేశానికి వచ్చేటప్పుడు దయచేసి ఇంగ్లీష్ నోట్‌బుక్ తీసుకురండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు,
విశాఖపట్నం