ప్రీకాస్ట్ ప్యానెళ్ల రికార్డులు ఇకపై బ్లాక్‌చెయిన్‌లో: మా వినియోగదారులకు వివరణ

ప్రీకాస్ట్ గోడను, అంటే ముందే యార్డులో పోతపోసి తెచ్చిన కాంక్రీటు ప్యానెల్‌ను, బిగించి, జాయింట్లను గ్రౌట్‌తో (సిమెంటు మిశ్రమంతో) నింపిన తరువాత లోపలి ఊచలను చూసే వీలుండదు కనుక, నాణ్యత విషయంలో మీకు మిగిలే ఆధారం కాగితాలే. ఆ కాగితాలేమో ఉక్కు మిల్లు సర్టిఫికెట్ ఒకరి దగ్గర, ల్యాబ్ నివేదిక మరొకరి దగ్గర, రవాణా చలానా ఇంకొకరి దగ్గర ఉంటాయి.

ఇకపై మేము ప్రతి ప్యానెల్‌కు క్యూఆర్ కోడ్ అతికించి, దాని రికార్డును బ్లాక్‌చెయిన్‌లో, అంటే పలువురి దగ్గర ఒకేలా ఉండి, పాత నమోదులను చెరపడానికి వీల్లేని డిజిటల్ చిట్టాలో, నమోదు చేస్తాము. ఇందులో క్రిప్టోకరెన్సీ ప్రసక్తి లేదు. అసలు పత్రాలు విడిగా ఉంటాయి. ఒక్కో పత్రం నుంచి లెక్కించిన షా-256 హ్యాష్ (పత్రానికి వేలిముద్ర లాంటి సంకేతం) మాత్రమే చెయిన్‌లోకి వెళుతుంది. పత్రంలో ఒక్క అంకె మారినా హ్యాష్ మారిపోతుంది కాబట్టి, తరువాత ఎవరు దిద్దినా తెలిసిపోతుంది.

ఎక్కువ ప్రయోజనం క్యూబ్ పరీక్షల (కాంక్రీటు ఘనాలను నొక్కి బలం చూసే పరీక్షల) దగ్గర కనిపిస్తుంది. ప్యానెళ్లు సాధారణంగా తొలి రోజుల బలాన్ని బట్టే యార్డు దాటి వెళతాయి. కాంక్రీటు పోసిన 28 రోజులకు చేసే పరీక్ష ఫలితం వచ్చేసరికి అవి భవనంలో భాగమైపోయి ఉండవచ్చు. ఫలితం తక్కువగా వస్తే, ఆ బ్యాచ్ కాంక్రీటు ఏ అంతస్తులో ఏ గోడలోకి వెళ్లిందో వెంటనే చెప్పగలగాలి. ఇప్పుడు ల్యాబే తన ఫలితాన్ని ఆ బ్యాచ్‌కు జతచేస్తుంది, దాన్ని తొలగించే అధికారం మాకు ఉండదు, సవరణ ఉంటే కొత్త నమోదుగానే చేరుతుంది.

అయితే బ్లాక్‌చెయిన్ రాసినదాన్ని కాపాడుతుందే తప్ప, రాసినది నిజమని హామీ ఇవ్వదు. ఊచలపై కవర్ (వాటిని కప్పే కాంక్రీటు మందం) తక్కువైనా సరిపోయిందని రాస్తే, ఆ అబద్ధమే భద్రంగా ఉంటుంది. అందువల్ల కాంక్రీటు పోయకముందు జరిగే తనిఖీని మా సిబ్బందికి కాక బయటి ఇంజినీరుకు అప్పగించాము.

మా సరఫరాదారులందరూ ఈ పద్ధతిలో ఇంకా చేరలేదు. నౌకా రవాణాలో మర్స్క్, ఐబీఎం నడిపిన ట్రేడ్‌లెన్స్ అనే బ్లాక్‌చెయిన్ వేదికను కూడా పరిశ్రమ మొత్తం కలిసిరాకపోవడం వల్ల నిలిపివేస్తున్నట్లు 2022 నవంబరులో ప్రకటించారు; అంతటి సంస్థలకే సాధ్యం కానిది మాకు తేలికని చెప్పుకోలేము. చేరనివారి పత్రాలను మేమే నమోదు చేస్తాము, ఆ సంగతి రికార్డులో స్పష్టంగా కనిపిస్తుంది. వాటికి మీరు తక్కువ విలువ ఇవ్వడమే న్యాయం.

ప్యానెల్ చేరగానే చెల్లింపు దానంతటదే జరిగిపోయే స్మార్ట్ కాంట్రాక్టును మాత్రం ప్రస్తుతానికి వాడటం లేదు, ఎందుకంటే దారిలో అంచు విరిగిందో లేదో చూడవలసింది మనిషే. లారీ నుంచి దించే ముందు కోడ్‌ను స్కాన్ చేయండి. డ్రాయింగులోని ప్యానెల్ నంబరుతో సరిపోలకపోతే చలానాపై సంతకం చేయకండి.