యుద్ధ జోస్యాలకు లెక్క అడగండి

సంపాదకులకు నమస్కారం.

ఎక్కడ యుద్ధం మొదలైనా, అది ఎన్నాళ్లలో ముగుస్తుందో చెప్పేవాళ్లు ఆ రోజు సాయంత్రానికే టీవీల్లో కూర్చుంటారు. ఒకరు మ్యాపు చూపిస్తారు, ఒకరు గ్రహాలు చూపిస్తారు. ధీమా మాత్రం ఇద్దరిదీ ఒకటే. కొడుకునో భర్తనో యుద్ధానికి పంపిన ఇంట్లో ఆ మాటలు ఎంత టెన్షన్‌తో వింటారో తలుచుకుంటే కోపం వస్తుంది.

1914 ఆగస్టులో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు యూరప్‌లో చాలామంది క్రిస్మస్ నాటికి అంతా అయిపోతుందనుకున్నారు. అది 1918 నవంబరు దాకా సాగింది. నిజం చెప్పినవాళ్లు లేక కాదు. పోలండ్‌కు చెందిన యాన్ బ్లోఖ్ సైనికుడు కాడు, బ్యాంకరు. కొత్త తుపాకుల ముందు సైన్యాలు కందకాల్లో ఇరుక్కుపోతాయని, యుద్ధం సాగి సాగి దేశాలే దివాలా తీస్తాయని 1898లోనే రాశాడు. సైనికాధికారులు పెద్దగా పట్టించుకోలేదు. మూడేళ్లు పట్టొచ్చని బ్రిటన్ యుద్ధమంత్రి కిచెనర్ అంటే తోటి మంత్రులకే నమ్మబుద్ధి కాలేదు.

భయపెట్టే జోస్యాలూ తప్పాయి. బాంబులు పడితే లక్షల మందికి మతి చలిస్తుందని 1938లో లండన్ మానసిక వైద్యులు హెచ్చరించారు. తర్వాత నిజంగానే బాంబులు పడ్డాయి, బ్రిటన్‌లో 40 వేల మందికి పైగా పౌరులు చనిపోయారు. వైద్యులు ఊహించిన ఆ పిచ్చి మాత్రం కనిపించలేదు.

కార్ల్ ఎర్నెస్ట్ క్రాఫ్ట్ అనే స్విస్ జ్యోతిష్కుడి కథ మనవాళ్లు తెలుసుకోవాలి. హిట్లర్ ప్రాణానికి ముప్పుందని ఇతను ముందే ఉత్తరం రాశాడు. 1939 నవంబరు 8న మ్యూనిక్‌లో హిట్లర్‌ను చంపడానికి పెట్టిన బాంబు పేలింది. పోలీసులు క్రాఫ్ట్‌ను పట్టుకెళ్లి ప్రశ్నించారు. ఆ తర్వాత నాజీ ప్రచార విభాగం అతన్నే పనిలో పెట్టుకుంది: పదహారో శతాబ్దంలో జోస్యాలు రాసిన నోస్ట్రడామస్ పద్యాల్లో జర్మనీ గెలుపు చూపించాలి. అవతల బ్రిటన్ కూడా లూయీ డి వోల్ అనే జ్యోతిష్కుణ్ణి ఇలాంటి పనికే వాడుకుంది. గ్రహాలు ఒక్కటే, గెలుపు మాత్రం జీతం ఇచ్చేవాడిది. 1941లో హిట్లర్ అనుచరుడు హెస్ విమానమెక్కి శత్రుదేశమైన బ్రిటన్‌లోని స్కాట్లండ్‌లో దిగాక, జ్యోతిష్కుల మాటలు నమ్మే వెళ్లాడంటూ జర్మనీలో వాళ్లను మూకుమ్మడిగా అరెస్టు చేశారు. క్రాఫ్ట్ నిర్బంధంలోనే 1945 జనవరిలో చనిపోయాడు.

సరైన అంచనాలు ఎలా వస్తాయో కూడా ఆ రెండో ప్రపంచ యుద్ధమే చూపించింది. జర్మనీ నెలకు సుమారు 1,400 ట్యాంకులు తయారు చేస్తోందని గూఢచారి వర్గాలు అనుకున్నాయి. పట్టుబడిన ట్యాంకుల మీది వరుస నంబర్లు చూసి గణాంక నిపుణులు 246 అన్నారు. యుద్ధమయ్యాక జర్మన్ రికార్డులు తీస్తే 245!

ఇంత జరిగినా మనం మారలేదు. ఇరాక్ యుద్ధం ఆరు నెలలు కూడా పట్టదనుకుంటానని అమెరికా రక్షణమంత్రి రమ్స్‌ఫెల్డ్ 2003 ఫిబ్రవరిలో అన్నాడు. సైన్యం వెనక్కి రావడానికి 2011 డిసెంబరు అయింది. 2022లో రష్యా దాడి చేసినప్పుడు ఉక్రెయిన్ రాజధాని కీవ్ రోజుల్లో పడిపోతుందన్న నిపుణులు ఎందరో. కీవ్ పడలేదు.

అందుకే నా విన్నపం. యుద్ధం గురించి ఎవరు జోస్యం చెప్పినా, వాళ్లు ఇంతకుముందు చెప్పినవి ఏమయ్యాయో పక్కనే వేయండి. దేన్ని బట్టి చెబుతున్నారో అడిగి రాయండి. రాశిఫలాల్లో యుద్ధాన్ని కలపకండి. మీరు మొదటి పేజీలో వేసిన గడువు దాటిపోతే, ఆ సంగతి కూడా మొదటి పేజీలోనే చెప్పండి.

– ఒక పాఠకురాలు