జోన్ మార్పు నోటీసు ఆ భూమి మీదే పెట్టండి

సంపాదకుడి గారికి,

భూ వినియోగ మార్పు నోటీసులు మీ పత్రికలోనూ వస్తుంటాయి. టెండరు ప్రకటనల పక్కన, భూతద్దం పెడితే తప్ప కనబడని అక్షరాల్లో. ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబరు, ఇన్ని ఎకరాల ఇన్ని సెంట్లు. ఉత్తరాన ప్రభుత్వ భూమి, తూర్పున అదే సర్వే నంబరులో మిగిలిన భాగం, దక్షిణాన గెడ్డ (వాగు), పడమట ప్రతిపాదిత వంద అడుగుల రోడ్డు. ఇది పార్కులు, మైదానాల కోసం ఉంచిన రిక్రియేషన్ జోన్ నుంచి వ్యాపార కట్టడాలకు వీలిచ్చే కమర్షియల్ జోన్‌లోకి మారబోతోంది, అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లో తెలపండి అని ఉంటుంది. సర్వే శాఖలో పనిచేసి రిటైరైన నాకే, ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం) నకలు ముందు పెట్టుకుంటే గానీ అది ఏ జాగానో బోధపడదు. ఇంకా పడని రోడ్డును హద్దుగా చూపితే, పక్కనే కాపురముంటున్నవారు మాత్రం ఎలా గుర్తుపడతారు?

నేను కోరేది ఒక్కటే. ఆ నోటీసును ఆ భూమి మీదే, దారిన పోయేవారికి కనబడేలా, పెద్ద తెలుగు అక్షరాల్లో బోర్డు నిలబెట్టి పెట్టాలి. పక్కన పటం కూడా గీయాలి. ఒక నకలు వార్డు సచివాలయంలో అంటించాలి.

ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. బాకీ తీర్చలేదని కోర్టు ఒకరి ఇల్లు జప్తు చేస్తే, సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం ఆ ఇంటి దగ్గర దండోరా వేయించాలి, ఉత్తర్వు నకలును అందరికీ కనబడేచోట అంటించాలి. కోర్టు అమీను వచ్చి గోడకు కాగితం అంటించి పోవడం నా వయసు వాళ్లు చాలామంది చూసిందే. ఒక్క మనిషి ఇంటి విషయంలో ఇంత తతంగం ఉంటే, చుట్టుపక్కల వందల కుటుంబాల గాలీ నీరూ మారిపోయే నిర్ణయానికి పత్రికలో ఓ మూల సరిపోతుందా?

విశాఖలో జనానికి విషయం తెలిసేది జేసీబీ దిగాకే. సముద్రం ఒడ్డున ఉన్న రుషికొండను కట్టడాల కోసం తొలిచాక హరిత ట్రైబ్యునల్, హైకోర్టు, సుప్రీంకోర్టు దాకా వెళ్లాం. కోర్టు తీర్పుతో తెగిన కొండ తిరిగి రాదు కదా! భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలను జియలాజికల్ సర్వే 2014లోనే జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. అయినా 2024 జులైలో వాటి పక్కనే యంత్రాలతో నేల చదును చేశారు, పత్రికల్లో ఫొటోలు వచ్చాక గానీ కదలిక రాలేదు. మరుసటి ఏడాదే ఆ దిబ్బలు యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. ఈ రెండూ అచ్చంగా జోన్ నోటీసుల వ్యవహారాలు కావు, నాకు తెలుసు. ముందు పని, తర్వాత సమాచారం అనే అలవాటు మాత్రం అదే.

లేఅవుట్ల సంగతి ఇంకా దగ్గరిది. వేసిన లేఅవుట్‌లో పది శాతం ఖాళీ స్థలం వదిలి స్థానిక సంస్థకు అప్పగించాలన్నది నిబంధన. మా కాలనీలో అలా వదిలిన స్థలంలో ఒకనాటి ఉదయం పునాది తవ్వుతున్నారు. ఏం కడుతున్నారని మేస్త్రీని అడిగితే కాంట్రాక్టరును అడగమన్నాడు. కాంట్రాక్టరు ఫోను ఎత్తలేదు. గోడ నడుము ఎత్తు లేచేసరికి తెలిసింది, అది ఫంక్షన్ హాలట. పార్కు కోసం వదిలిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోముకు ఇవ్వడం చెల్లదని, దానిపై కోర్టుకెక్కే హక్కు ఆ కాలనీవాసులకు ఉందని బెంగళూరు కేసులో సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. హక్కు ఉంటే సరా, విషయం వేళకు తెలియాలి గదా.

మార్పు అసలే వద్దనే ఛాందసం నాకు లేదు. సెంట్రల్ జైలు నగర శివారులోని అడవివరానికి తరలిపోయాక, నగరం నడిబొడ్డున ఆ స్థలంలో 2016లో పార్కు తెరిచారు. అదీ భూ వినియోగ మార్పే. ముందు బోర్డు పెట్టి అడిగి ఉంటే జనం సంతకాలు చేసి మరీ సరేననేవారు. విశాఖ ప్రాంతానికి 2041 దాకా వర్తించే బృహత్ ప్రణాళిక (మాస్టర్ ప్లాన్) 2021లో వచ్చింది. ఇక జోన్ మార్పుల దరఖాస్తులు వస్తూనే ఉంటాయి, నగరం పెరుగుతోంది కాబట్టి కొన్నింటికి ఒప్పుకోకా తప్పదు. అయితే ఆ ఒప్పుకోవడం మాకు తెలిసి జరగాలి.

బోర్డు పెడితే రాత్రికి రాత్రే పీకేస్తారని ఒక అధికారి నాతో అన్నారు. పీకనివ్వండి. వార్డు సచివాలయాల్లో ప్రణాళిక కార్యదర్శులు ఉన్నారు. వీధి చివరి చెత్తకుప్పకే ఫొటో తీసి యాప్‌లో ఎక్కించే రోజులివి. వారానికోసారి బోర్డుకూ ఒక ఫొటో తీసి, తేదీతో ఫైల్లో పెట్టాలి. ఫొటో లేని ఫైలు ముందుకు కదలకూడదు.

ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ ఒక సర్క్యులర్ ఇస్తే చాలు, నగరపాలక సంస్థ జీవీఎంసీ ఒక తీర్మానం చేస్తే చాలు. బోర్డు ఖర్చు దరఖాస్తుదారే భరించాలి, మార్పిడి రుసుము కట్టేవారికి అదొక లెక్క కాదు. పదిహేను రోజుల గడువు కూడా ఆ బోర్డు నిలబెట్టిన రోజు నుంచే లెక్కించాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత సర్వేయర్,
పెందుర్తి, విశాఖపట్నం