కళ్లు చూసేవాళ్ల చదువు ఏమిటో బోర్డు మీద రాయాలి

సంపాదకుడికి నమస్కారం.

మా అమ్మాయి ఆప్టోమెట్రీ, అంటే కళ్లు పరీక్షించి చూపు లోపాలు కనిపెట్టే చదువులో, డిగ్రీ మూడో ఏడాది చదువుతోంది. "చదువయ్యాక కళ్లద్దాల షాపు పెడుతుందా?" అని చుట్టాలు అడిగినప్పుడల్లా తను చిన్నబుచ్చుకుంటుంది. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

19వ శతాబ్దం చివర్లో అమెరికాలో కళ్లజోళ్లు అమ్మేవాళ్లలో చాలామంది కొద్ది వారాల కోర్సుతోనో, పోస్టులో వచ్చే పాఠాలతోనో డిప్లొమా సంపాదించేవారు. చికాగోలో 1872 నాటికి మూలాలున్న కాలేజీ, బోస్టన్‌లో 1894లో మొదలైన క్లైన్ స్కూల్ లాంటివి ఉన్నా, ఈ చదువుకు గౌరవం రాలేదు. 1892లో న్యూయార్క్‌లో చార్లెస్ ప్రెంటిస్ అనే కళ్లద్దాల నిపుణుడు తన దగ్గరకు వచ్చిన ఒకరిని కంటి డాక్టర్ దగ్గరకు పంపాడు. ఆ డాక్టర్ మాత్రం, కళ్లు పరీక్ష చేసినందుకు మూడు డాలర్ల ఫీజు ఎలా తీసుకుంటావని తప్పుపట్టాడు. అద్దాలకు డబ్బు తీసుకోవచ్చు గానీ పరీక్షకు ఫీజు డాక్టర్లే తీసుకోవాలట! ప్రెంటిస్ తగ్గలేదు. తన విద్యకే ఫీజు తీసుకుంటున్నానన్నాడు. అలాంటివాళ్ల పట్టుదల వల్లే 1901లో మిన్నెసోటాలో మొదటి ఆప్టోమెట్రీ చట్టం వచ్చింది. 1910లో కొలంబియా, 1914లో ఒహాయో స్టేట్, 1923లో బర్క్‌లీ యూనివర్సిటీలు ఈ చదువును తమ గడప లోపలికి తీసుకున్నాయి.

మన దేశంలో 1958లో రెండు చోట్ల డిప్లొమా స్కూళ్లు పెట్టారు. ఒకటి అలీగఢ్‌లో గాంధీ కంటి ఆసుపత్రి, రెండోది హైదరాబాద్‌లో సరోజినీ దేవి కంటి ఆసుపత్రి. ఆ రెండింట్లో ఒకటి మన దగ్గరే ఉందని మనలో ఎంతమందికి తెలుసు? నాలుగేళ్ల డిగ్రీ 1985లో చెన్నైలోని ఎలైట్ స్కూల్‌తో వచ్చింది.

అన్నేళ్లు చదవాలా అనే సందేహం ఎవరికైనా వస్తుంది. పిల్లలు కంటి కండరాన్ని బిగించి చూస్తారు కాబట్టి, పవర్ కొలిచే మెషీన్ ఒక్కోసారి ఉన్నదానికంటే ఎక్కువ మైనస్ పవర్ చూపిస్తుంది. ఆ అంకెనే చీటీ మీద రాసిచ్చేస్తే పిల్లవాడు అక్కర్లేని పవర్ మోస్తూ తిరుగుతాడు. ఒక కన్ను బాగా కనిపిస్తుంటే, రెండోది మందగించిన సంగతి ఆ పిల్లవాడికే తెలియదు. దాన్ని చిన్న వయసులోనే పట్టుకోవాలి. షుగర్ వల్ల కంటి వెనక పొర రెటీనాలో వచ్చే మార్పులు, కంటి నరాన్ని దెబ్బతీసే గ్లకోమా అనుమానాలు కనిపెట్టి సమయానికి డాక్టర్ దగ్గరకు పంపడం కూడా వీళ్ల పనే.

2021లో పార్లమెంటు అనుబంధ వైద్య వృత్తుల చట్టం చేసింది. అందులో ఆప్టోమెట్రిస్టులూ ఉన్నారు. ఆ చట్టం కింద అర్హులందరినీ రిజిస్టర్ చేయాలి. కళ్లు పరీక్షించే ప్రతి చోటా పరీక్షించేవారి పేరు, చదువు, రిజిస్ట్రేషన్ నంబరు గోడ మీద కనిపించేలా పెట్టాలి. కొద్ది వారాల కోర్సు చేసినవాళ్లు ఆప్టోమెట్రిస్టు అని పేరు పెట్టుకోకుండా ఆపాలి. మీ పత్రిక కూడా ఈ విషయం మీద ఒక వివరమైన కథనం వేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విద్యార్థిని తండ్రి